పొరపాటుకీ ఎగవేతకీ ఒకే కొలతా?

వాదాంశం: సేవల మీద పన్ను కట్టడంలో దురుద్దేశం లేకుండా జరిగిన పొరపాటుకు జరిమానా ఉండకూడదు. అనుకూలంగా ఒక పన్ను సలహాదారు, వ్యతిరేకంగా నోటీసుల మీద ఉత్తర్వులిచ్చే ఒక అధికారి.

సలహాదారు: సర్వీస్ ట్యాక్స్ రోజుల్లో, 1994 ఫైనాన్స్ యాక్ట్‌లో సెక్షన్ 80 ఉండేది. పన్ను కట్టకపోవడానికి సహేతుకమైన కారణం చూపిస్తే జరిమానా వేయకుండా వదిలేసే వీలు మీకుండేది. 2015లో దాన్ని ఎత్తేశారు. 2017 జులైలో జీఎస్టీ వచ్చినా దానికి సరిసాటి నిబంధన మళ్లీ రాలేదు.

అధికారి: ఊరికే ఎత్తేయలేదండీ. నోటీసుకిచ్చే ప్రతి జవాబులోనూ చివరి పేరా అదే: మా అకౌంటెంట్ మారాడు, మాకు తెలియదు, సెక్షన్ 80 కింద మన్నించండి. ఒక గదిలో మన్నింపు దొరికేది, పక్క గదిలో దొరికేది కాదు. ఆ విచక్షణ పోయి లెక్క వచ్చింది. అదే ఏడాది సెక్షన్ 76ని మార్చి, మోసం లేని కేసుల్లో జరిమానా 10 శాతం దాటదన్నారు. నోటీసు అందిన 30 రోజుల్లో పన్నూ వడ్డీ కట్టేస్తే అదీ లేదన్నారు. 2024-25 నుంచి వర్తించే, పన్ను బాకీలూ జరిమానాలూ తేల్చే జీఎస్టీ సెక్షన్ 74ఏలో ఆ గడువు 60 రోజులు. ఇంతకన్నా ఏం కావాలి?

సలహాదారు: లెక్క అన్నారు కాబట్టి లెక్కే చూద్దాం. ఒక సంస్థ తన వకీలుకి 2 లక్షలు ఫీజు ఇచ్చింది. సేవ ఇచ్చినవాడు కాక అందుకున్నవాడే పన్ను కట్టే రివర్స్ ఛార్జి కింద 18 శాతం, అంటే 36,000, ఆ సంస్థే పోర్టల్‌లో డబ్బు జమచేసుకునే నగదు లెడ్జర్ నుంచి కట్టాలి. వకీలు బిల్లులో పన్ను కనిపించదు కాబట్టి అకౌంటెంట్ కంటికి ఆనలేదు. కట్టి ఉంటే ఆ 36,000 క్రెడిట్‌గా, అంటే తాను కట్టాల్సిన పన్నులో తగ్గింపుగా, తిరిగి వచ్చేదే, దాచి మిగుల్చుకునేది ఏమీ లేదు. పది నెలల వడ్డీ 5,400 అంటారా, సరే. జరిమానా మాత్రం 74ఏ కింద పన్నులో 10 శాతమో 10,000 రూపాయలో, ఏది ఎక్కువైతే అది. కేంద్రం వాటా సీజీఎస్టీ 18,000 మీద 10 శాతం 1,800, కాబట్టి 10,000. రాష్ట్రం వాటా ఎస్‌జీఎస్టీకి ఇంకో 10,000. 36,000 పన్నుకి 20,000 జరిమానా! మీరు చెప్పే 10 శాతం పెద్దవాళ్లకే. చిన్నవాళ్లకి సగం దాటింది.

అధికారి: ఆ 20,000 ఎప్పుడు పడుతుందో చెప్పకుండా దాటేశారు. పొరపాటు తెలిసిన రోజున డీఆర్‌సీ-03 అనే చెల్లింపు ఫారంలో స్వచ్ఛందంగా కడితే జరిమానా సున్నా. నోటీసు వచ్చాక 60 రోజుల్లో కట్టినా సున్నా. అవన్నీ దాటి ఉత్తర్వు దాకా వచ్చినవాడికే 20,000.

సలహాదారు: అక్కడిదాకా ఎందుకొస్తారు? నోటీసు పోర్టల్‌లో పడుతుంది, అదీ రోజూ చూసే చోట కాకుండా అదనపు నోటీసులు, ఉత్తర్వులు అనే ఇంకో పేజీలో. రిజిస్ట్రేషన్‌లో ఉన్న ఈమెయిల్, ఫోన్ నంబరు చాలామందికి పాత ఆడిటరువి. బ్యాంకు ఖాతా ఆగాకే తెలుస్తుంది. ఇంకొకరున్నారు: నోటీసు చూసినవాడే, పన్ను వర్తించదని నిజంగా నమ్మి వాదించినవాడు. ఓడితే జరిమానా. వాదించే హక్కుని పందెం చేశారు మీరు.

అధికారి: ఫోన్ నంబరు మార్చుకోవడం పది నిమిషాల పని, అది శాఖ తప్పు కాదు. వాదన సంగతి వేరు, అందులో కొంత న్యాయముందని ఒప్పుకుంటా. కానీ మీరు ఎంచుకున్న ఉదాహరణ మరీ ముద్దుగా ఉంది. నా బల్ల మీదికి ఎక్కువగా వచ్చేది అది కాదు. కస్టమర్ దగ్గర 18 శాతం వసూలు చేసి, ఆ డబ్బు జీతాలకు వాడేసి, ఆరు నెలల తర్వాత పొరపాటండీ అనే రకం. అందుకే 74ఏ(11) పెట్టారు: వసూలు చేసిన పన్నుగానీ, రిటర్నులో తానే లెక్కకట్టుకున్న పన్నుగానీ గడువు దాటి 30 రోజుల్లో కట్టకపోతే, ముందుగా కట్టారన్న రాయితీ పోతుంది. మీ వకీలు ఫీజు కేసు ఈ రెంటిలోనూ పడదు, గమనించండి.

సలహాదారు: వసూలు చేసి వాడుకున్నవాడి తరఫున నేను మాట్లాడను. బిల్లు వేసి డబ్బు రానివాడి సంగతేమిటి? పన్ను బిల్లు తేదీకే పడుతుంది. క్లయింటు నాలుగు నెలలకిస్తాడు. చేతిలో సగమే ఉంటే, పన్ను కట్టే 3బీ రిటర్ను వేయడానికి పోర్టల్ ఒప్పుకోదు, మొత్తం సర్దాలి. కాబట్టి అసలు వేయడు. అలా నిజాయితీగా సగం కట్టగలిగినవాడు కూడా రిటర్ను ఎగ్గొట్టినవాడి జాబితాలోకి పోతాడు.

అధికారి: ఆ సగం నగదు లెడ్జర్‌లో వేసి ఉంచమనండి. గడువు తేదీకి లెడ్జర్‌లో ఉండి, రిటర్ను వేసేటప్పుడు వాడుకున్న మొత్తం మీద వడ్డీ లేదని 2024 జులైలో వడ్డీ లెక్కకట్టే రూల్ 88బీలో చేర్చారు. చాలామంది ఆడిటర్లే ఇది చెప్పడం లేదు. ఇక ఆలస్యంగా రిటర్ను వేసి వడ్డీతో సహా కట్టినవాడికి 10 శాతం జరిమానా వేయొద్దని 2018 డిసెంబరు 31నాటి సర్క్యులరే చెప్పింది.

సలహాదారు: అదే సర్క్యులరు సెక్షన్ 125 కింద సాధారణ జరిమానా వేయొచ్చని కూడా అంది! 25,000 దాకా.

అధికారి: వేయొచ్చంది, వేయమనలేదు.

సలహాదారు: ఆ ‘వేయొచ్చు’కే మేం భయపడేది. పాత సర్వీస్ ట్యాక్స్ కేసులే చూడండి. ఆదాయపు పన్ను రిటర్నులో, టీడీఎస్ వివరాలుండే 26ఏఎస్‌లో కనిపించిన మొత్తానికీ, సర్వీస్ ట్యాక్స్ రిటర్ను ఎస్‌టీ-3కీ తేడా ఉందని నోటీసులు గుప్పించారు. లారీ యజమానులకి, వకీళ్లకి కూడా వెళ్లాయి, వాళ్ల సేవల మీద పన్ను చాలావరకు అవతలివాళ్లు కట్టాల్సిందైనా. చూడకుండా ఇలాంటివి ఇవ్వొద్దని 2021లో మీ పరోక్ష పన్నుల బోర్డు సీబీఐసీయే మీకు రాయాల్సి వచ్చింది. ప్రతి నోటీసులోనూ ‘ఉద్దేశపూర్వకంగా దాచారు’ అనే ముక్క అచ్చుగుద్దినట్టు ఉండేది.

అధికారి: ఆ ముక్క ఎందుకుండేదో మీకూ తెలుసు. నోటీసు ఇవ్వడానికి మామూలు గడువు 30 నెలలు, దాచారంటేనే ఐదేళ్లు. గడువు కాపాడుకోవడానికి దాచారని రాసేవారు. అది తప్పే. వంద శాతం జరిమానా వేయాలంటే మోసమో దాపరికమో ముందు రుజువు కావాలని 2009లో రాజస్థాన్ స్పిన్నింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది కూడా. 74ఏలో రెండు రకాల కేసులకీ నోటీసు గడువు ఒకటే, వార్షిక రిటర్ను గడువు నుంచి 42 నెలలు. ఇక గడువు కోసం ఎవరి మీదా మోసం ముద్ర వేయాల్సిన పని లేదు.

సలహాదారు: మంచి మార్పే, కాదనను. మరి జీఎస్టీలోనే ఉన్న సెక్షన్ 126 మాటేమిటి? 5,000 లోపు పన్నుకు, తేలిగ్గా సరిదిద్దగలిగే పొరపాటుకు జరిమానా వద్దంటుంది. ఆరో ఉపసెక్షన్‌కొచ్చేసరికి, జరిమానా స్థిర మొత్తమో స్థిర శాతమో అయితే ఇది వర్తించదంటుంది. 74ఏ జరిమానా సరిగ్గా అదే కదా. కుడిచేత్తో ఇచ్చి ఎడమచేత్తో లాక్కున్నట్టు. నేనడిగేది ఒకటే: మోసం లేనిచోట ఆ 10,000 కనీస మొత్తం తీసేసి ఉత్త 10 శాతం ఉంచండి.

అధికారి: తీసేస్తే 18,000 పన్నుకి 1,800 జరిమానా. దానికోసం ఎవడు 60 రోజుల్లో కడతాడు? నా షరతు చెబుతా. క్రెడిట్ తిరిగొచ్చే రివర్స్ ఛార్జి కేసులకి తీసేద్దాం. కస్టమర్ దగ్గర పన్ను వసూలు చేసిన బిల్లుకి మాత్రం ఆ కనీస మొత్తం అలాగే ఉండాలి.

సలహాదారు: అడ్వాన్సు మీద పన్ను మరిచిపోయినవాడు? సరుకు అమ్మేవాడికి అడ్వాన్సు మీద పన్ను లేదు, సేవలిచ్చేవాడికి ఉంది. పక్క కొట్టువాణ్ని చూసి కట్టనివాడిది ఏ వరస?

అధికారి: అడ్వాన్సు రసీదులో పన్ను విడిగా చూపించాడా లేదా, ముందు ఆ కాగితం తీసుకురండి.