మా ఫర్మే ఎందుకు?

కమర్షియల్ లా ఫర్మ్, అంటే కంపెనీల ఒప్పందాలూ తగాదాలూ చూసే లాయర్ల సంస్థ, దాని ఇంటర్వ్యూకి తయారవడం చదువు కిందికి రాదు, అదొక సాధన. నేను లాయర్ని కాను. అయినా రెండు నెలలుగా మా మేనల్లుడు ఆ సాధన చేస్తుంటే పక్క గదిలోనే ఉన్నాను కాబట్టి, సాధికారికంగా మాట్లాడే అర్హత నాకుందని మనవి చేసుకుంటున్నాను. పైగా పదకొండు మాక్ ఇంటర్వ్యూల్లో సీనియర్ పార్ట్‌నర్ వేషం కట్టాను. లాభాల్లో వాటా మాత్రం ఇంకా రాలేదు.

మొదటి ప్రశ్న ఎక్కడైనా ఒకటే: "కమర్షియల్ లా ఎందుకు?" దీనికి అసలు జవాబు రెండక్షరాలు: జీతం. ఆ సంగతి బల్లకి ఇటు కూర్చున్నవాడికీ తెలుసు, అటు కూర్చున్నవాళ్లకీ తెలుసు. ఇన్నేళ్లలో ఏ ఒక్కరూ పైకి అనలేదు. గోప్యత పాటించడంలో ఈ వృత్తికున్న నిష్ఠకి ఇంతకన్నా రుజువేం కావాలి?

ఆ రెండక్షరాలూ మింగేశాక మిగిలిన ఖాళీని ఏదో ఒకదానితో నింపాలి కదా. మావాడు మొదట్లో "సంక్లిష్టమైన అంతర్జాతీయ లావాదేవీలంటే నాకు చిన్నప్పట్నుంచీ ఇష్టం" అని మొదలుపెట్టాడు. వాణ్ణి ఎత్తుకుని పెంచినవాణ్ణి నేను. చిన్నప్పుడు వాడికి ఇష్టమైనవి రెండే, గాలిపటాలూ, పక్కింటి కుక్కపిల్లా. సీనియర్ పార్ట్‌నర్ హోదాలో ఆ ముక్క కొట్టేయించాను.

అసలు ఇరుకున పెట్టేది రెండో ప్రశ్న: "మా ఫర్మే ఎందుకు?" దీనికి తెలిసినవాళ్లందరూ చెప్పే పరీక్ష ఒకటుంది. రాసుకున్న జవాబులో ఫర్మ్ పేరు తీసేసి, పోటీ ఫర్మ్ పేరు పెట్టి చదవాలి. అప్పుడు కూడా సరిపోయిందంటే అది జవాబు కాదట, చించి పారేయాల్సిందేనట. మంచి పరీక్షే. మావాడు నాలుగు రోజులు దీనితోనే గడిపాడు. నాకేమో కూర్చుని ఊరుకోలేని బుద్ధి. అదే పరీక్ష ఫర్మ్‌ల వెబ్‌సైట్లకి పెట్టి చూశాను. ఆరు ఫర్మ్‌ల 'మా గురించి' పేజీలు ప్రింటు తీసి, పేర్లున్న చోట కాగితం ముక్కలు అంటించి, మావాడి ముందు పరిచాను. సహకార సంస్కృతి ఆరింటిలోనూ ఉంది. మొదటి రోజు నుంచే బాధ్యత, ఆరింటిలోనూ ఉంది. పార్ట్‌నర్ల గది తలుపులు ఆరు చోట్లా బార్లా తెరిచే ఉన్నాయి. ఏది ఏ ఫర్మో వాడు ఒక్కటీ చెప్పలేకపోయాడు. మిగతా వాళ్లకంటే తాము ఎంత భిన్నమో ఆరుగురూ ఒకే మాటల్లో చెప్పుకున్నారు.

ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. చాలా పెద్ద ఫర్మ్‌లు వాడేది వాట్సన్ గ్లేజర్ అనే తర్క పరీక్ష. మావాడు రాసింది అరగంటలో నలభై ప్రశ్నలది. ఒక పేరా ఇచ్చి, దాన్నుంచి ఫలానా మాట నిజమా, బహుశా నిజమా, ఇచ్చిన సమాచారం చాలదా, బహుశా అబద్ధమా, అబద్ధమా తేల్చమంటారు. అందరికీ తెలిసిన మామూలు సంగతులు తప్ప సొంత లోకజ్ఞానం వాడకూడదు, దాదాపు పేరాలో ఉన్నదే ప్రపంచం. మూడు వారాల సాధన తర్వాత మావాడు మామూలు సంభాషణకి పనికిరాకుండా పోయాడు. "సాయంత్రం వాన పడేట్టుందా?" అని వాళ్లమ్మ అడిగితే "ఇచ్చిన సమాచారం చాలదు" అన్నాడు. "బస్సులో వెళ్తే తొందరగా చేరతావు" అంటే "బస్సు వస్తుందన్నది నీ ఊహ మాత్రమే" అన్నాడు. వాడు లాయర్ అవుతాడని ఆవిడకి నమ్మకం కుదిరింది ఆరోజే.

ఇక కమర్షియల్ అవేర్‌నెస్. దీని గురించి కాస్త తీరిగ్గా చెప్పుకోవాలి, ఎందుకంటే ఇది ఉందా లేదా అని అందరూ అడుగుతారు, అదేమిటంటే మాత్రం ఒక్కొక్కరూ ఒక్కొక్కటి చెబుతారు. నాకు అర్థమైనంత వరకు, పేపర్లో వచ్చిన వార్త చూసి 'అయ్యో' అనకుండా 'దీనివల్ల ఎవరు ఎవరి మీద దావా వేస్తారు?' అనగలగడమే కమర్షియల్ అవేర్‌నెస్. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే 400 మీటర్ల ఓడ సూయజ్ కాలువకి అడ్డం పడి, ఆరు రోజులకి కదిలింది. ఇంటర్వ్యూ గదుల్లో మాత్రం ఇంకా కదల్లేదు. అభ్యర్థి తర్వాత అభ్యర్థి వచ్చి ఆ ఓడనే తోస్తున్నాడు. నిజానికి అందులో దినుసు చాలా ఉంది. ఓడ ఒకరిది, అద్దెకి తీసుకుని నడిపేది ఇంకొకరు, బీమా మరొకరిది, లోపలి సరుకు వేలమందిది. ఓడ యజమాని 'జనరల్ యావరేజ్' ప్రకటించాడు. ఓడనీ సరుకునీ కాపాడ్డానికైన ఖర్చులో, ఏ పాపం ఎరగని సరుకు యజమానులు కూడా తలా కొంత భరించాలని దానర్థం. ఈ ముక్క చెప్పినప్పుడు మావాడి మొహం వెలిగిపోయింది. తన సరుకు ఆ ఓడలో లేనివాడికి మాత్రమే వచ్చే వెలుగు అది.

ఇంటర్వ్యూలో కేస్ స్టడీ అని ఒక ఊహా సమస్య ఇస్తారు. అందులో క్లయింట్ ఒక కంపెనీ కొంటానంటాడు. షేర్లు కొంటే కంపెనీతో పాటు దాని అప్పులూ, నడుస్తున్న కేసులూ ఇంటికొస్తాయి. ఆస్తులే కొంటే కావలసినవి ఏరుకోవచ్చు గానీ, ఒక్కో ఒప్పందం బదిలీకీ అవతలివాడి అంగీకారం కోసం తిరగాలి. ఏదైనా సరే, ముందు డ్యూ డిలిజెన్స్, అంటే ఆ కంపెనీ లెక్కలూ కాగితాలూ తరచి చూడడం, చేయించుకోమని చెప్పాలి. అది అక్కర్లేదనుకున్నవాడి కథ కూడా మావాడికి కంఠతా వచ్చు. 2022 ఏప్రిల్‌లో ఎలాన్ మస్క్ ట్విటర్ని షేరుకి 54.20 డాలర్ల చొప్పున కొంటానని సంతకం పెట్టాడు, డ్యూ డిలిజెన్స్ వద్దన్నాడు. జూలైలో నాకొద్దన్నాడు. కొని తీరాల్సిందేనని ట్విటర్ అమెరికాలోని డెలావేర్ కోర్టుకెక్కింది. అక్టోబరులో అదే 54.20కి కొన్నాడు.

ఇదంతా వింటుంటే నాకో ధర్మసందేహం వచ్చింది. అభ్యర్థిని ఫర్మ్ కొనేది ఏ పద్ధతిలో? మార్కులు, భాషలు, రాత్రిళ్లు మేలుకునే ఓపిక, ఇవి కావాలి. మోకాలి నొప్పి, పెళ్లి, ఆదివారాలు అక్కర్లేదు. మావాడు వాడి మొత్తం షేర్లూ అమ్ముతుంటే వాళ్లు ఆస్తులు ఏరుకుంటున్నారు.

"మీ బలహీనత ఏమిటి?" అన్న ప్రశ్న కూడా నాకు ఈ వెలుగులోనే అర్థమైంది. కంపెనీ అమ్మేవాడు డిస్‌క్లోజర్ లెటర్ అని ఒకటిస్తాడు, ఫలానా లోపం ఉందని ముందే చెప్పాను, రేపు నా మీద పడకండి అని. అయితే సరైన వివరంతో చెప్పాలి, గాలిలో చెబితే చెల్లదు. కాబట్టి "నేను పర్ఫెక్షనిస్టుని" అనేది చట్టరీత్యా చెల్లని వెల్లడి. మావాడు అదే అంటానన్నాడు. చేసిన అక్షర దోషాలు చూపించి మానిపించాను.

టీమ్‌వర్క్ ప్రశ్నకి అందరి దగ్గరా ఒకటే కథ. కాలేజీ ప్రాజెక్టు, నలుగురు సభ్యులు, ఒకడు పని చేయడు, కథ చెప్పేవాడు ఓర్పుతో మాట్లాడి అందర్నీ ఒడ్డున పడేస్తాడు. అందరూ ఒడ్డున పడేసినవాళ్లే. ఆ పనిచేయని నాలుగోవాడు ఏ ఇంటర్వ్యూలోనూ కనపడడు. బహుశా క్లయింట్ అయ్యుంటాడు.

లాయర్లు గంటని పది ముక్కలు చేసి, ఆరేసి నిమిషాల చొప్పున పద్దు రాస్తారని తెలిసినప్పట్నుంచీ మావాడు తన సాధనకీ పద్దు రాయడం మొదలెట్టాడు. ఆ నోట్‌బుక్ చూశాను. 'అద్దం ముందు సహజంగా నవ్వడం: 4 యూనిట్లు. కరచాలనం, కుర్చీతో: 1 యూనిట్. మామయ్య సలహాలు: 9 యూనిట్లు, బిల్ చేయదగినవి కావు.'

అసలు ఇంటర్వ్యూ మొన్న అయింది. ఓడ గురించి అడిగారట, చెప్పాడట, ఎదుటావిడ ఆవులింత ఆపుకుందట. చివర్లో "మీరేమైనా అడుగుతారా?" అన్నారు. ప్రశ్నలేవీ లేవంటే ఆసక్తి లేదనుకుంటారు కాబట్టి, సిద్ధం చేసుకున్న ప్రశ్న తీశాడు: "సార్, మీరు ఇన్నేళ్లుగా ఈ ఫర్మ్‌లోనే ఎందుకున్నారు?"

ఆ పెద్దాయన పెన్ను కింద పెట్టి, కిటికీ వైపు చూసి, కాస్త ఆలోచించి అన్నాడట: "ఇక్కడి మనుషులు."

"పేరు మార్చి చూశావా?" అన్నాను.

"అక్కడే, మనసులో, ఆరు పేర్లూ పెట్టి చూశాను మామయ్యా. ఆరింటికీ సరిపోయింది."

"మరి నువ్వేమన్నావురా?"

"నాకూ సరిగ్గా అదే అనిపించింది సార్, అన్నాను. అంతసేపట్లో ఆయన ఏదైనా రాసుకున్నాడంటే అప్పుడే."