తాత తుపాకి: అమ్మేయడమే మర్యాద

మా మిత్రుడొకడికి వాళ్ళ నాన్న పోతూ పోతూ ఒక తుపాకి తలనొప్పి మిగిల్చి వెళ్ళాడు. వించెస్టర్ 94, లీవర్ యాక్షన్ రైఫిల్. కరీంనగర్ వైపు ఊళ్ళో తాత వాడింది, తాత తర్వాత నాన్న పేరు మీదికి వచ్చింది. ఇప్పుడది ఒక ఆయుధాల డీలరు దగ్గర జమ అయి ఉంది. నెలనెలా దానికి అద్దె. వీడుండేదేమో విద్యానగర్‌లో మూడో అంతస్తు ఫ్లాట్. "అమ్ముదామా, నా పేరు మీద చేయించుకుందామా, నువ్వే చెప్పురా" అని అడిగి మూడు నెలలైంది. అమ్మేయమని అప్పుడే చెప్పాను. వినలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను. ఈ టెన్షన్ వాడొక్కడిదే కాదు కూడా. హైదరాబాద్‌లో ఇలాంటి ఇళ్ళు నేనెరిగినవే మరో మూడు ఉన్నాయి.

ఈ తుపాకులు నగరానికి ఎలా చేరాయో మన తరానికి వేరే చెప్పక్కర్లేదు. పీపుల్స్‌వార్ రోజుల్లో లైసెన్సు తుపాకి ఉన్న ఇంటి తలుపు రాత్రిపూట చప్పుడైతే, వచ్చినవాళ్ళు దేనికోసం వచ్చారో ఊరంతటికీ తెలుసు. కొన్ని అలా పోయాయి. కొన్ని ఠాణాల్లో జమయ్యాయి. మిగిలినవి యజమానులతో పాటు హైదరాబాద్ బస్సెక్కాయి.

వస్తువు అందమైనదే, కాదనను. 1894లో అమెరికాలో జాన్ బ్రౌనింగ్ చేసిన డిజైన్ అది. ట్రిగ్గరు చుట్టూ ఉండే ఇనుప కడియాన్ని కిందికి లాగి మళ్ళీ పైకి మూస్తే పేలిన తూటా డొల్ల బయటికి ఎగిరిపడి, కొత్తది లోపలికి వెళ్తుంది. కృష్ణగారి కౌబాయ్ సినిమాలు చూసినవాళ్ళకి ఆ చప్పుడు ఇప్పటికీ చెవుల్లో ఉంటుంది. డీలరు షాపులో నేనూ చేతిలోకి తీసుకుని చూశాను. భుజానికి ఆనించే చెక్క మీద ఎర్రటి మరక కనిపించింది. తుప్పు అంటుకుందేమో అనుకుని వేలితో గీకాను. తుప్పు కాదు, కుంకుమ. ఇన్నేళ్ళ దసరాల బొట్టు చెక్కలోకి ఇంకిపోయింది. ఆయుధపూజ నాడు బీరువాలోంచి తీసి, కుట్టుమిషన్ నూనెతో తుడిచి, బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్ళీ లోపల పెట్టేసేవాళ్ళట. ఏడాదికి దానికి ఉన్న పని అదొక్కటే.

"అరుదైనది గదరా" అంటాడు మావాడు. అరుదేమీ కాదు. అమెరికాలో న్యూ హేవెన్ ఫ్యాక్టరీ 2006లో మూతపడే నాటికి ఈ మోడల్ రైఫిళ్ళు 70 లక్షలకు పైగా తయారయ్యాయి. కాకపోతే 1964కు ముందు తయారైనవాటికి పాత తుపాకులు సేకరించేవాళ్ళు ఎక్కువ ఇస్తారు. ఖర్చు తగ్గించుకోవడానికి కంపెనీ ఆ ఏడాది తయారీ పద్ధతి మార్చింది, నాణ్యత పడిపోయిందని వాళ్ళ బాధ. మన దేశంలో గిరాకీకి కారణం వేరు. 1980ల మధ్య నుంచి మామూలు పౌరులకి విదేశీ తుపాకుల దిగుమతి దాదాపు మూసుకుపోయింది. ఉన్నవే చేతులు మారాలి. అంటే కొనేవాడు దొరుకుతాడు, ధరా పలుకుతుంది. ఇది అమ్మడానికి కారణం అవుతుంది గానీ దాచుకోవడానికి ఎలా అవుతుంది?

సరే, దాచుకున్నాడే అనుకుందాం. దానితో ఏం చేస్తాడు?

వేటకి వెళ్ళలేడు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంతో ఆ ముచ్చట తీరిపోయింది. పంటల మీద పడే అడవి పందుల్ని కాల్చడానికి అనుమతులున్నా, అవి అధికారులు గుర్తించిన షూటర్లకే. పోటీలకి పనికిరాదు. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చింది 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌తో. ఆ ఆటకీ ఈ కౌబాయ్ తుపాకికీ సంబంధమే లేదు. పోనీ సరదాకి నాలుగు గుళ్ళు కాలుద్దామంటే, దీనికి పట్టే .30-30 తూటాలు మన ప్రభుత్వ ఫ్యాక్టరీల్లో తయారయ్యే .315 లాంటివి కావు. దొరికినప్పుడే దొరుకుతాయి, దొరికిన చోట చెప్పిందే ధర. ఏడాదికి ఎన్ని కొనాలో, ఇంట్లో ఎన్ని ఉండాలో లైసెన్సులోనే రాసి ఉంటుంది. మావాడి తండ్రి దాన్ని చివరిసారి ఎప్పుడు కాల్చాడో ఇంట్లో ఎవరికీ గుర్తులేదు.

కాల్చలేని తుపాకిని తుపాకి అనడం కూడా నాకు ఒప్పుదల కాదు. అది ఒక అనుమతి పత్రం, దానికి ఇనుము అతికించి ఉంది, అంతే. పొలం కొంటే పొలం మీది. బంగారం కొంటే బంగారం మీది. తుపాకి విషయంలో మాత్రం సర్కారు 5 ఏళ్ళకోసారి సరేనంటేనే మీరు దాన్ని ఇంట్లో ఉంచుకోగలరు. ఈ మాట మావాడికి నేను చెప్పక్కర్లేదు, వాళ్ళ నాన్న ఫైలే చెబుతుంది. ఆ ఫైలు నాకు చూపించాడు. రెన్యువల్ కాగితాలకంటే ఠాణాలో జమచేసిన రసీదులు ఎక్కువున్నాయి. 2018 డిసెంబరు అసెంబ్లీ ఎన్నికలు, 2019 ఏప్రిల్ లోక్‌సభ, 2020 డిసెంబరు జీహెచ్ఎంసీ, 2023 నవంబరు అసెంబ్లీ, 2024 మే మళ్ళీ లోక్‌సభ. ఆరేళ్ళు తిరక్కుండా ఐదు ఎన్నికలు. కోడ్ రాగానే ఠాణా నుంచి ఫోన్. డెబ్బై దాటిన పెద్దాయన రైఫిల్‌ను పాత దుప్పట్లో చుట్టుకుని, ఆటో మాట్లాడుకుని వెళ్ళి అప్పగించి రావడం, ఫలితాలొచ్చాక రసీదు పట్టుకుని మళ్ళీ వెళ్ళి తెచ్చుకోవడం. ఒకసారి ఆటోడ్రైవర్ "ఏంది సార్, క్రికెట్ బ్యాటా?" అని అడిగాడట. అవునన్నాడట ఈయన. ఎవరి మీద ఎక్కుపెట్టిందీ లేదు, దేన్ని కాపాడిందీ లేదు. ఓటర్లకంటే క్రమం తప్పకుండా ఎన్నికల్లో పాల్గొన్న తుపాకి అది.

ఇంట్లో ఉంచుకోవడంలో ఇంకో సంగతుంది. దీన్ని మావాడు అసలు పట్టించుకోవడం లేదు. ఈ రకం రైఫిల్‌లో తూటాలు బ్యారెల్ కింద ఉండే గొట్టంలో ఒకదాని వెనక ఒకటి వరసగా ఉంటాయి. బయటికి కనిపించవు. పాత మోడళ్ళలో ఖాళీ చేయాలంటే కడియం ఆడిస్తూ ఒక్కొక్క తూటానీ లోపలి గదిలోంచి బయటికి రప్పించాలి. అలా ఆడించిన ప్రతిసారీ వెనకున్న హ్యామర్, అంటే తూటాను పేల్చే సుత్తి, లేచి, పేలడానికి సిద్ధంగా నిలబడుతుంది. విడిగా సేఫ్టీ బటన్ ఉండదు, హ్యామర్‌ను సగంలో ఆపే గాడి ఒక్కటే ఆధారం. తెలిసినవాడి చేతిలో ఇదేమంత కష్టం కాదు. ఏడాదికోసారి దసరాకి ముట్టుకునేవాడి చేతిలో? లెక్క తప్పి లోపల ఒకటి ఉండిపోతే? మావాడి కొడుక్కి పదకొండేళ్ళు. బీరువా తాళం ఎక్కడుంటుందో ఆ వయసు పిల్లలకి తెలియని ఇల్లు నేనైతే చూడలేదు.

ఉంచుకోవాలనేవాళ్ళు చెప్పేదీ వినాలి కదా. ఇది తాత జ్ఞాపకం, ఒకసారి అమ్మితే మళ్ళీ రాదు, ఈ రోజుల్లో ఇంటికి రక్షణ కావాలి అంటారు. మళ్ళీ రాదన్నది నిజమే. రక్షణ అన్నది మాత్రం మనల్ని మనం మోసం చేసుకోవడం. నిబంధనల ప్రకారం తాళం వేసి దాచిన రైఫిల్‌ను దొంగ ఆగి ఉంటే తప్ప తీయలేం. తీసి పేల్చినా, జింకను పడగొట్టడానికి చేసిన ఆ తూటా ఫ్లాట్ గోడ దగ్గర ఆగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అవతల పక్కింటివాళ్ళ పడకగది. జ్ఞాపకం సంగతి అంటారా, దానికోసమే మిగతాది రాస్తున్నాను.

ఆ రైఫిల్ మీ ఇంటికి ఎలా వచ్చిందిరా అని అడిగాను. మావాడు చెప్పింది: తాత మద్రాసు వెళ్ళి కొన్నాడు. వాళ్ళ బాబాయి చెప్పింది: 1948 పోలీసు చర్య తర్వాత ఒక జాగీర్దారు ఇల్లు ఖాళీ చేస్తుంటే చవగ్గా దొరికింది. మేనత్త చెప్పింది: అప్పు తీర్చలేక ఎవరో ఇచ్చిపోయారు. ముగ్గురూ ఒట్టేసి చెబుతారు. ఏ తాత జ్ఞాపకమని దాన్ని దాచుకోవాలంటున్నారో, ఆ తాత గురించి ఒక్క వాక్యం కూడా ఈ ఇంట్లో కుదురుగా నిలబడదు. వస్తువు ఉంది కదా అనే భరోసాతో మనిషి గురించి అడగడం మానేశారు.

పోయిన నాన్న కూడా ఏమీ చెప్పలేదు. 2016 ఆయుధాల నియమాల్లో మంచి వెసులుబాటు ఒకటుంది. లైసెన్సుదారుకి 70 ఏళ్ళు నిండినా, తుపాకి 25 ఏళ్ళుగా తన దగ్గర ఉన్నా, తాను బతికుండగానే దాన్ని వారసుల్లో ఒకరి పేరు మీదికి మార్పించవచ్చు. ఈయనకి రెండు అర్హతలూ ఉన్నాయి. దరఖాస్తు పెట్టలేదు. ఎందుకు పెట్టలేదని అడిగితే మావాడు, "బాపును ఎట్లడుగుతంరా, నువ్వెప్పుడు పోతవ్ అన్నట్టుంటది" అన్నాడు.

నన్నడిగితే రోగమంతా ఇక్కడే ఉంది, తుపాకిలో లేదు. మన ఇళ్ళలో పెద్దాయన బతికుండగా వీలునామా మాటెత్తితే అపశకునం. పన్నెండో రోజు భోజనాలు కాకముందే అదే మాట మీద గొడవలు. వీలునామాకి కావలసింది ఒక కాగితం, రాసినాయన సంతకం, ఇద్దరు సాక్షుల సంతకాలు. రిజిస్ట్రేషన్ కూడా తప్పనిసరి కాదు. ఆ కాస్త పనికి వెనకాడి ఫౌతి కోసం, అంటే పోయినవారి భూమి వారసుల పేరు మీదికి మార్పించుకోవడం కోసం, ఆఫీసుల చుట్టూ, వాటాల కోసం కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరుగుతాం. భూమైతే గుంటల లెక్కన పంచుకుంటాం, బంగారమైతే తూచి పంచుకుంటాం. తుపాకిని ఎలా పంచుతారు? వారసుల్లో ఒకరి పేరు మీదికే వెళ్ళాలి, మిగతావాళ్ళు అభ్యంతరం లేదని రాసివ్వాలి.

ఆ 'మిగతావాళ్ళ'లో మావాడి అక్క ఉంది. ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం చేసి ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకి కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది, దేశమంతటికీ ఆ హక్కు రావడానికి 2005 దాకా పట్టింది. దేశానికి దారి చూపించిన రాష్ట్రం మనది. ఆ రాష్ట్రంలో పుట్టిన మావాడు మూడు నెలల్లో ఈ రైఫిల్ గురించి నన్ను అడిగాడు, బాబాయిని అడిగాడు, డీలరును అడిగాడు, ఆఫీసులో పక్క సీటు అతన్నీ అడిగాడు. అక్కని అడగలేదు. ఆమె దగ్గర ఒక సంతకం తీసుకోవాలన్నది మాత్రం గుర్తుంది. అసలు ప్రతి దసరాకీ నాన్న పక్కన కూర్చుని గుడ్డతో ఆ ఇనుము తుడిచింది ఆమె అని నాకు తెలిసింది కూడా వాళ్ళ మేనత్త చెబితేనే.

కాబట్టి అమ్మడమే న్యాయం కూడా. డబ్బయితే సమానంగా పంచొచ్చు, ఎవరూ ఎవరి దయ మీదా ఉండక్కర్లేదు. దారి కూడా ఉంది. జమచేసిన ఆయుధాన్ని చట్టబద్ధ వారసులు అర్హత ఉన్నవాళ్ళకి అమ్మి ఆ సొమ్ము తీసుకోవచ్చని ఆయుధాల చట్టం 21వ సెక్షన్ చెబుతోంది. గడువు దాటేదాకా నానిస్తే జప్తు చేసే అధికారమూ అదే సెక్షన్ ఇచ్చింది. పోనీ దాన్ని ఇంటికి తెచ్చి గమ్మున అటక మీద పెట్టేద్దామా అనుకునేవాళ్ళకి ఒక మాట: లైసెన్సు లేని తుపాకి దొరికితే శిక్షను 2019 సవరణలో 2 నుంచి 5 ఏళ్ళ జైలుకి పెంచారు. మనిషికి మూడు తుపాకుల పరిమితిని రెండుకి తగ్గించింది కూడా ఆ సవరణే. బిల్లు పెట్టినప్పుడు ఒక్కటే అన్నారు, ఎంపీలు గొడవ చేస్తే రెండయ్యాయి. వారసత్వంగా వచ్చినా ఆ లెక్కలోకే. రూల్స్ ఎటువైపు బిగుసుకుంటున్నాయో తెలుస్తూనే ఉంది. లైసెన్సు చేతిలో పెట్టుకుని కొనేవాడు ఈ రోజు ఉన్నాడు, పదేళ్ళ తర్వాత ఎంతమంది ఉంటారో మావాడే లెక్కేసుకోవాలి.

మొన్న ఆదివారం మొత్తానికి అక్కకి ఫోన్ చేశాడు. వాడు భయపడినంత ఏమీ జరగలేదు. ధర ఎంతని అడగలేదు, వాటా అడగలేదు. తాత దాన్ని కొనలేదట, సావుకారు దగ్గర తాకట్టులో ఉంటే విడిపించాడట, నాన్న ఆమెకి చెప్పాడట. అంటే కథలు ఇప్పుడు నాలుగు. అమ్మడానికి సరేనంది. దానికున్న తోలు పట్టీ మాత్రం విప్పి తనకి పంపమంది.

పట్టీకి లైసెన్సు అక్కర్లేదు కదా అని వాడు మళ్ళీ నాకే ఫోన్ చేశాడు.