మద్దెలా ఓడే, ఆటా సాగలేదు

ఆడలేక మద్దెల ఓడన్నట్టు అని మన సామెత. 2024 అక్టోబర్ 19న టెక్సస్ రాజధాని ఆస్టిన్‌లో మద్దెల కాసేపు నిజంగానే ఓటిదైంది, చిక్కంతా అక్కడే వచ్చింది. అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్‌లో అప్పటికి నంబర్ వన్ ర్యాంకులో ఉన్న టెక్సస్ యూనివర్సిటీ జట్టు లాంగ్‌హార్న్స్ సొంత మైదానంలో జార్జియా యూనివర్సిటీ చేతిలో 30-15తో ఓడిపోయారు. ఇన్నాళ్ళయినా ఆస్టిన్ పక్కనున్న రౌండ్ రాక్, సీడర్ పార్క్, లియాండర్‌లలో మనవాళ్ళు నలుగురు కలిస్తే ఓటమి ఊసెత్తరు. మాట్లాడేదంతా ఆ ఒక్క ఫ్లాగ్ గురించే, అంటే తప్పు జరిగిందని రెఫరీ విసిరే పసుపు గుడ్డ గురించే. "బావగారూ, రెఫరీ మనల్ని ముంచేశాడండీ!"

ఆట చూడనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మూడో క్వార్టర్ చివర్లో టెక్సస్ 23-8తో వెనకబడి ఉంది. జార్జియా క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి దాడి నడిపేవాడు) కార్సన్ బెక్ విసిరిన బంతిని టెక్సస్ డిఫెండర్ జాడే బారన్ మధ్యలోనే అందుకుని గోల్ లైన్ దగ్గరదాకా పరిగెత్తాడు. ఈలోగా పసుపు ఫ్లాగ్ పడింది. బారన్ పాస్ ఇంటర్‌ఫియరెన్స్ చేశాడట, అంటే బంతి అందుకోబోయే ఆటగాడికి అక్రమంగా అడ్డుపడ్డాడట, కాబట్టి బంతి మళ్ళీ జార్జియాకే. విద్యార్థులు కూర్చున్న వైపు నుంచి మైదానంలోకి నీళ్ళ బాటిళ్ళు వచ్చి పడ్డాయి. కోచ్ స్టీవ్ సార్కీసియన్ స్వయంగా అటు వెళ్ళి ఆపమని బతిమాలాడు. మైదానం శుభ్రం చేస్తున్నంతసేపు రెఫరీలు ఒకచోట చేరి మాట్లాడుకున్నారు. తర్వాత ఫ్లాగ్ వెనక్కి తీసుకున్నారు. కాసేపట్లోనే టెక్సస్ టచ్‌డౌన్ కొట్టింది, స్కోరు 23-15 అయింది.

కాలేజీ ఫుట్‌బాల్‌లో పాస్ ఇంటర్‌ఫియరెన్స్ మీద రీప్లే చూసి తీర్పు మార్చే వీల్లేదు. రెఫరీలు తమలో తాము మాట్లాడుకుని మార్చుకోవచ్చు. అంటే కాగితం మీద నియమం తప్పలేదు. బారన్ ఏ తప్పూ చేయలేదనేదే నా అభిప్రాయం కూడా, రీప్లే ఎన్నిసార్లు చూసినా అంతే. ఈ రెండు జట్లూ ఆడే కాన్ఫరెన్సు (కాలేజీ జట్ల లీగు) ఎస్‌ఈసీ కూడా మర్నాడు, మొదటి పెనాల్టీ విషయంలో వ్యవహరించిన తీరు సరిగ్గా లేదని ఒప్పుకుంది. అదే ప్రకటనలో టెక్సస్‌కి రెండున్నర లక్షల డాలర్ల జరిమానా వేసి, బాటిళ్ళు విసిరినవాళ్ళని వీడియోలు చూసి గుర్తుపట్టమంది. తీర్పు చివరికి సరైనదే వచ్చింది. కానీ అది రెఫరీల వివేకంతో వచ్చిందా, బాటిళ్ళ దెబ్బకి వచ్చిందా అన్నది స్టేడియంలో కూర్చున్న లక్ష మందికీ ఎవరికి తోచినట్టు వాళ్ళకి వదిలేశారు. వాళ్ళకి ఏం తోచి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. బాటిళ్ళు విసిరితే తీర్పు మారుతుందన్న ఆనవాయితీ పడిందని జార్జియా కోచ్ కర్బీ స్మార్ట్ ఆ రాత్రే అన్నాడు. మన గ్రూపుల్లో అతన్ని తిట్టనివాళ్ళు లేరు. నాకైతే ఆ రాత్రి అందరిలోకీ సూటిగా మాట్లాడినవాడు అతనే.

మనవాళ్ళకి ఇది కొత్త సంగతేం కాదు. 1999 ఫిబ్రవరిలో కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో పాకిస్తాన్‌తో టెస్టు. పరుగు తీస్తూ షోయబ్ అఖ్తర్‌కి తగిలిన టెండూల్కర్‌ని థర్డ్ అంపైర్ రనౌట్ ఇచ్చాడు. స్టాండ్స్‌లోంచి బాటిళ్ళు పడ్డాయి. టెండూల్కర్, అప్పటి ఐసీసీ అధ్యక్షుడు జగ్‌మోహన్ దాల్మియా మైదానం చుట్టూ తిరిగి జనాన్ని శాంతింపజేయాల్సి వచ్చింది. మర్నాడు మళ్ళీ అదే గొడవ. పోలీసులు స్టాండ్స్ మొత్తం ఖాళీ చేయించాక, ఖాళీ కుర్చీల ముందు ఆట ముగిసింది, మనం ఓడిపోయాం. అక్కడ తీర్పు నిలబడింది, జనం బయటికి పోయారు. ఆస్టిన్‌లో జనం నిలబడ్డారు, తీర్పు పోయింది. రనౌట్ విషయంలో నాకు ఇప్పటికీ కడుపుమంటే అయినా, ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే కలకత్తానే ఎంచుకుంటాను.

ఇక టెక్సస్ ఓడింది ఏకాగ్రత చెదిరినందుకేనన్న వాదన. అదే వారాంతం ఊళ్ళో ఫార్ములా వన్ రేసు, ఊరంతా ట్రాఫిక్, ఆపైన టీవీ హడావిడి. ఆట మధ్యలో టెక్సస్ క్వార్టర్‌బ్యాక్ క్విన్ ఈవర్స్‌ని కూర్చోబెట్టి ఆర్చ్ మ్యానింగ్‌ని దించడం, మళ్ళీ ఈవర్స్‌నే తేవడం. క్వార్టర్‌బ్యాక్ గొడవ వరకూ కాస్త ఒప్పుకోవచ్చు. రేసు కార్ల చప్పుడు మాత్రం హాఫ్‌టైమ్‌కి 23-0 చేయలేదు.

అసలు సరదా రెండున్నర నెలల తర్వాత. 2025 జనవరి 1న అట్లాంటాలో పీచ్ బౌల్ అనే నాకౌట్ మ్యాచ్, ఈసారి టెక్సస్ ఎదుట ఆరిజోనా స్టేట్. స్కోరు 24-24, మిగిలింది నిమిషం చిల్లర. బంతి పట్టుకున్న ఆరిజోనా స్టేట్ ఆటగాడు మెల్క్వాన్ స్టోవల్‌ని టెక్సస్ డిఫెండర్ మైకేల్ టాఫ్ హెల్మెట్‌తో గుద్దాడు. అది టార్గెటింగ్ (ప్రమాదకరంగా తలతోనో తలమీదో గుద్దడం) అయితే ఆరిజోనా స్టేట్‌కి 15 గజాలు, ఫస్ట్ డౌన్ (కొత్తగా నాలుగు ప్రయత్నాలు), టాఫ్ ఆటలోంచి అవుట్. దీనికి రీప్లే ఉంది, చూశారు కూడా. టార్గెటింగ్ కాదన్నారు. టెక్సస్ రెండో ఓవర్‌టైమ్‌లో 39-31తో గెలిచింది. అక్టోబర్‌లో రెఫరీలంతా అమ్ముడుపోయారన్న మన పెద్దమనిషి ఒకాయన జనవరిలో టార్గెటింగ్ నిబంధన ఉపవాక్యాలతో సహా వల్లించాడు. ఆరిజోనా స్టేట్ ఉన్న టెంపీలో చదువుకునే మన పిల్లలేమో ఆ రాత్రంతా అక్టోబర్ నాటి మన భాషే మాట్లాడారు, ఆ మాటల్లో ఒక్కటీ మారలేదు.

అభిమాని పక్షపాతం వదులుకోవాలని నేననను, వదులుకుంటే టికెట్టు కొనడమే దండగ. నేనడిగేది కాన్ఫరెన్సులని. ఈ రెఫరీల్లో చాలామందికి వారమంతా వేరే ఉద్యోగాలుంటాయి, శనివారాల్లో విజిల్ పట్టుకుంటారు. వాళ్ళ పొరపాట్లు నాకు అర్థమవుతాయి. కానీ తీర్పు మార్చినప్పుడు ఎవరు ఏం చూశారు, ఎప్పుడు చెప్పారు, మొదట ఎందుకు చెప్పలేదు అన్నది సోమవారం పొద్దుటికల్లా ప్రతి కాన్ఫరెన్సూ ప్రకటించాలి. జరిమానా అంకె కాదు, కారణం కావాలి. టెక్సస్ లాంటి చోట రెండున్నర లక్షలు చిల్లర డబ్బులు.

అలా కారణం బయటికొస్తే ఆ ఫ్లాగ్ గొడవ అంతటితో సరి. తర్వాత మనకి మాట్లాడుకోవడానికి మిగిలేది ఆ రోజు టెక్సస్ బంతిని ఎదుటివాళ్ళకి వదిలేసిన నాలుగు టర్నోవర్లు, బంతి విసరకముందే క్వార్టర్‌బ్యాక్ దొరికిపోయి తిన్న ఏడు శాక్‌లు. మనవాళ్ళెవరూ ఆ కారణం కోసం గట్టిగా పట్టుబట్టకపోవడానికి అదే కారణమేమోనని నా అనుమానం.