రాయి నాకని వారికి షాబ్లీ నిషిద్ధం

షాబ్లీ అనే ఫ్రెంచి తెల్ల వైన్ గ్లాసు చేతికి రాగానే కళ్ళు మూసుకుని “ఆహా, తడిసిన చెకుముకి రాయి!” అనే పండితులు రోజురోజుకీ పెరిగిపోతున్నారు. వీరిలో నిజంగా రాయి నాకి చూసినవారెందరో తేలాలి. అందుచేత ఆ మాట అనదలచినవారు ఇకమీదట ఒక పొడి రాయి, ఒక తడి రాయి నాకినట్టు ధ్రువపత్రం చూపించాలని సవినయంగా ప్రతిపాదిస్తున్నాం.

పండితుల వాదనకూ ఆధారం లేకపోలేదు. ఫ్రాన్స్‌లో బర్గండీ ఉత్తర కొసన, సెరాన్ ఏటి ఒడ్డున ఉన్న షాబ్లీ ఊరి నేల 15 కోట్ల ఏళ్ళ నాడు సముద్రపు అడుగు. సున్నపు బంకమట్టిని చేతిలోకి తీసుకుంటే కామా గుర్తులా వంకర తిరిగిన బుల్లి ఆయిస్టర్ చిప్పలు రాలతాయి. ఆ రుచే గ్లాసులోకి ఎక్కిందంటారు. పానకంలో పుడకల్లా భూగర్భ శాస్త్రవేత్తలు అడ్డొచ్చారు: ద్రాక్ష తీగ వేరు రాయిని నమిలి మింగదు, నీళ్ళలో కరిగిన లవణాలే పీలుస్తుంది, అందులోంచి వైన్‌కి చేరేది నాలుక పసిగట్టలేనంత తక్కువ.

మరి నోట్లో ఆ పదునేమిటి? పులుపు. చలిచోట ఈ వైన్‌కి వాడే షార్డొనే ద్రాక్ష నింపాదిగా పండుతుంది, పులుపు విరగదు. పైగా చాలామటుకు స్టీలు ట్యాంకుల్లోనే పులియబెడతారు కాబట్టి కప్పిపుచ్చడానికి ఓక్ పీపా వాసన కూడా ఉండదు. మింగాక నోరు మూసి తల కాస్త వంచండి. దవడల పక్కన నీరూరుతుంది. దీనికి భూగర్భ శాస్త్రం అక్కర్లేదు.

రుచి చూడాలంటే 10–11 డిగ్రీల చల్లదనం చాలు. ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పోస్తే వాసన గడ్డకట్టి కూర్చుంటుంది. అరగంట ముందే బయట పెట్టండి. గది వేడిలో ఉన్న సీసానైతే సగం ఐసు, సగం నీళ్ళున్న బకెట్‌లో 20 నిమిషాలు ముంచండి. ఉత్త ఐసు వేస్తే ముక్కల మధ్య గాలి అడ్డుపడి చల్లబడ్డం ఆలస్యమవుతుంది. గ్లాసులో మూడో వంతుకు మించి పోయకండి, తిప్పడానికి చోటుండాలి.

తిప్పితే ఎగిరిపోయే అగ్గిపుల్ల వాసన గంధకం పని, భయం లేదు. ఎంత తిప్పినా పోని తడి అట్టపెట్టె వాసన మాత్రం కార్క్ దోషం. ఆ సీసా వాపసు ఇచ్చేయాల్సిందే. పండితుడు దానికీ “ఖనిజ గాంభీర్యం” అని పేరుపెట్టి సీసా అడుగంటా తాగుతాడు. వైన్ అమ్మేవాళ్ళు ఈ పాండిత్యానికి రుణపడి ఉండాలి.

ఇక జోడీ. పచ్చి ఆయిస్టర్లలోని ఉప్పు, మేక చీజ్‌లోని కొవ్వు వైన్ పులుపు మొన విరుస్తాయి, కనుక నప్పుతాయి. వెనిగర్ ధారగా పోసిన సలాడ్ పక్కన ఇదే వైన్ నీళ్ళలా చప్పబడుతుంది. తీపి సాస్ తగిలితే ఉత్త పులుసే. కారం తోడైతే అందులో ఉన్న కాస్త ఆల్కహాలే గొంతులో మంట పెడుతుంది. ఆర్టిచోక్ అనే కూరగాయ ఇంకో రకం చిలిపిది. దాని తర్వాత ఏది తాగినా తియ్యగా తోస్తుంది.

ఆయిస్టర్లు తిన్నాక చిప్పలు మాత్రం పారేయకండి. ధ్రువపత్రం పరీక్షకు అసలైన రాళ్ళు అవే. ఇంకో 15 కోట్ల ఏళ్ళు ఓపిక పట్టాలంతే.