హైబ్రిడ్ డ్రైవ్ కొనే ముందు ఒక్క అంకె అడగండి

మా అక్కావాళ్ల డెస్క్‌టాప్ స్లో అయిందని బావ రిపేర్ షాపుకి తీసుకెళ్లారు. "ఎస్‌ఎస్‌డీ స్పీడు, హార్డ్ డిస్క్ జాగా, రెండూ ఒక్కదాంట్లోనే సార్" అని చెప్పి షాపతను 1 టీబీ హైబ్రిడ్ డ్రైవ్ అంటగట్టాడు. అంటే తిరిగే హార్డ్ డిస్క్‌కి కాస్త ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాల్లేని చిప్ మెమరీ) కలిపింది. నెల తిరక్కుండానే మళ్లీ అదే గోల. నాకు చాలా కోపం వచ్చింది, అందుకే ఈ పోస్ట్.

అందులో ఎస్‌ఎస్‌డీ భాగం ఎంతో తెలుసా? 8 జీబీ. విండోస్ 11 వేసుకోవాలంటేనే కనీసం 64 జీబీ స్టోరేజ్ ఉండాలని మైక్రోసాఫ్ట్ చెబుతుంది. మనం మాటిమాటికీ తెరిచేవేంటో ఆ డ్రైవ్ గమనించి వాటి కాపీ ఆ 8 జీబీలో పెట్టుకుంటుంది. రోజూ వాడే బ్రౌజర్ కాస్త త్వరగా వస్తుంది, నిజమే. అప్‌డేట్ వచ్చినా, పిల్లాడు కొత్త గేమ్ వేసినా పని మళ్లీ హార్డ్ డిస్క్‌లో తిరిగే పళ్లెం మీదే.

అసలు ఆలస్యమంతా ఆ తిరగడంలోనే ఉంది. నిమిషానికి 7200 సార్లు తిరిగే డిస్క్ ఒక్క చుట్టుకి 8 మిల్లీసెకన్ల పైనే తీసుకుంటుంది. డేటా చదివే హెడ్ అటూ ఇటూ జరగడానికి పట్టే టైమ్ వేరే. విండోస్ లేచేటప్పుడు వేల చిన్న చిన్న ఫైళ్లు చదవాలి, ప్రతిదానికీ ఈ ఎదురుచూపే. ఎస్‌ఎస్‌డీలో తిరిగేదేమీ లేదు కాబట్టి హార్డ్ డిస్క్‌కి వాడే సాటా కనెక్షన్‌కే తగిలించే మామూలు ఎస్‌ఎస్‌డీ వేసినా పాత కంప్యూటర్‌కి ప్రాణం లేచొస్తుంది. ఎన్‌వీఎంఈ అనే రకం ఎస్‌ఎస్‌డీ ఇంకా స్పీడే, కానీ మెయిల్, యూట్యూబ్, పిల్లల ప్రాజెక్టులు చేసుకునే ఇంట్లో ఆ తేడా పెద్దగా తెలియదు. దానికోసం మదర్‌బోర్డ్ మార్చకండి.

హైబ్రిడ్ మొదటినుంచీ పనికిరానిదని అనను. 2010లో సీగేట్ కంపెనీ 500 జీబీ డిస్క్‌కి 4 జీబీ ఫ్లాష్ (ఎస్‌ఎస్‌డీలో ఉండే చిప్ మెమరీ) జోడించి మొమెంటస్ ఎక్స్‌టీ అనే డ్రైవ్ తెచ్చినప్పుడు ఎస్‌ఎస్‌డీ మనలాంటివాళ్లు కొనే ధరలో లేదు. 2012లో ఆపిల్ హైబ్రిడ్ లాంటి తన ఫ్యూజన్ డ్రైవ్‌లో ఏకంగా 128 జీబీ ఫ్లాష్ పెట్టింది, అది బాగానే పనిచేసింది. అదే ఆపిల్ 2015లో 1 టీబీ మోడల్‌కి దాన్ని 24 జీబీకి కోసేసింది. పేరు మాత్రం మార్చలేదు. అందుకే ఫ్లాష్ ఎన్ని జీబీలో అడగమంటున్నాను.

నా మాటైతే విండోస్‌కి 256 లేదా 500 జీబీ ఎస్‌ఎస్‌డీ వేయించండి, పాత హార్డ్ డిస్క్‌ని ఫోటోలకి, వీడియోలకి ఉంచుకోండి. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. హార్డ్ డిస్క్ పోయే ముందు చాలాసార్లు టకటకమని చప్పుడు చేసి చెబుతుంది. ఎస్‌ఎస్‌డీ ఏ చప్పుడూ లేకుండా ఒక్కసారిగా పోవచ్చు, అందులో డిలీట్ అయినవి వెనక్కి రావడమూ చాలా కష్టం. ముఖ్యమైనవాటికి రెండో కాపీ ఉండాల్సిందే.

పోయిన ఆదివారం అక్కావాళ్ల కంప్యూటర్‌కి ఎస్‌ఎస్‌డీ నేనే బిగించాను. హైబ్రిడ్‌ని తీసేయలేదు, వాళ్ల పెళ్లి వీడియో అందులోనే ఉంది. దానికి ఇంకో కాపీ లేదట. ఈ వారం ఎక్స్‌టర్నల్ డిస్క్ పట్టుకుని మళ్లీ వెళ్తున్నాను.