మూడో స్థానం వచ్చినా డబ్బులు రాలేదట, తప్పు నాదట

నిన్న సాయంత్రం మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. హలో కూడా అనలేదు. "అన్నా, గుర్రం మూడోది వచ్చింది, నేను ప్లేస్ కట్టాను, డబ్బులివ్వట్లేదు, మోసం" అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. ఎన్ని గుర్రాలు పరిగెత్తాయిరా అని అడిగాను. ఎనిమిది అన్నాడు. రేసు కార్డులో అచ్చేసిన సంగతి కాదు, గేటులోంచి ఎన్ని బయటికొచ్చాయి అన్నాను. కాసేపు చప్పుడు లేదు. తర్వాత మెల్లిగా, "ఒకటి గేటులోకి వెళ్లనని మొరాయించింది, దాన్ని తీసేశారు" అన్నాడు.

అంటే పరిగెత్తినవి ఏడు. ప్లేస్ అంటే గుర్రం గెలవక్కర్లేదు, ముందు స్థానాల్లో ఏదో ఒకటి వస్తే చాలన్న పందెం. చాలా దేశాల్లో ఎనిమిది, అంతకు మించి ఉంటే మొదటి మూడు స్థానాలకు డబ్బు. ఐదు నుంచి ఏడు ఉంటే రెండింటికే. వీడి గుర్రం మూడోది. అక్కడితో కథ ముగిసింది. ఇందులో ఎవరూ ఎవరినీ మోసం చేయలేదు. ఆ నియమం ఎప్పటినుంచో ఉంది, దాచిపెట్టిందేమీ కాదు.

నాకు మండింది అందుకు కాదు. ఫోన్ పెట్టేసే ముందు వాడన్న మాటకి. "ప్లేస్ సేఫ్ అని నువ్వే కదన్నా చెప్పావు."

నేను చెప్పలేదు. ఏనాడూ చెప్పలేదు. ఇన్నేళ్లుగా ప్లేస్ ఆట గురించి మాట్లాడుతున్నాను, రాస్తున్నాను, ఆ మాట నా నోటి నుంచి ఒక్కసారి కూడా రాలేదు. కానీ ఆ మాట ఇప్పుడు గాల్లో ఉంది. ఎవడిని కదిపినా అదే. విన్, అంటే గెలుపు మీదే కట్టేవాడు జూదరి, ప్లేస్ కట్టేవాడు తెలివైనవాడు అట. గుర్రం గెలవక్కర్లేదు, మొదటి మూడింట్లో ఉంటే చాలు, ఇక పోయేదేముంది అంటారు. పోయేది చాలా ఉంది. మెల్లిగా పోతుంది కాబట్టి కనపడదు, అంతే.

లెక్క చూడండి. ఫేవరెట్ గుర్రానికి, అంటే గెలుస్తుందని జనం అన్నిటికంటే ఎక్కువగా నమ్మినదానికి, ప్లేస్ రేటు 1.20 అనుకుందాం. వంద పెడితే నూట ఇరవై వస్తుంది, లాభం ఇరవై. ఒక్కసారి తప్పితే పోయేది వంద. ఐదుసార్లు తగిలితే వచ్చే లాభం మొత్తం ఆరోసారి పోగానే సున్నా అయిపోతుంది. అంటే ఆరింట్లో ఐదు తగిలితే, 83 శాతానికి పైగా తగిలితే, మీరు బయలుదేరిన చోటే ఉంటారు. లాభం లేదు, నష్టం లేదు. ఎంత మంచి ఫేవరెట్టయినా అన్నిసార్లు మొదటి మూడింట్లో ఉంటుందా? గెలుపు సంగతి చూస్తే ఫేవరెట్లు సుమారుగా మూడు రేసుల్లో ఒకటే గెలుస్తాయి. ఈ ఆట చూసేవాళ్లందరికీ తెలిసిన సంగతే ఇది. స్థానం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ గుర్రం దేవుడైపోతుంది.

అమెరికా రేసు గుర్రం సెక్రటేరియట్ కంటే గొప్ప గుర్రం ఉందా? మొత్తం 21 రేసులు పరిగెత్తితే 16 గెలిచింది, మూడింట్లో రెండోది, ఒకదానిలో మూడోది. మిగిలిన ఆ ఒక్క రేసులో నాలుగోది వచ్చింది. అది 1972 జులై 4న, దాని మొట్టమొదటి పరుగు. మొదట్లోనే పక్క గుర్రాలు గుద్దేసి దారి మూసేశాయి. అంతటి గుర్రానికే ప్లేస్ తప్పిన రోజు ఉంది. మీ మూడో రేసు ఫేవరెట్ ఏ మూలకు?

ఇంకో సంగతి. గెలిచే అవకాశం తెలిస్తే రెండో స్థానం, మూడో స్థానం వచ్చే అవకాశాన్ని లెక్కగట్టే పద్ధతి ఒకటుంది. డేవిడ్ హార్విల్ అనే ఆయన 1973లో ప్రచురించాడు. చాలా సులువైన లెక్క, ఇప్పటికీ వాడుతున్నారు. అయితే ఆ లెక్క ఫేవరెట్లకు రెండు, మూడు స్థానాల అవకాశాన్ని ఉన్నదానికంటే ఎక్కువ చేసి చూపిస్తుందని తర్వాత వచ్చిన పరిశోధనల్లో తేలింది. నాకైతే ఇది వింతగా అనిపించలేదు. ఫేవరెట్ గెలవలేదంటే చాలాసార్లు ఏదో తేడా జరిగినట్టే. గేటులో ఆలస్యమై ఉంటుంది, లేదా మొదట్లోనే ఒంట్లో సత్తువంతా ఖర్చుపెట్టి పరిగెత్తి చివరి రెండు వందల మీటర్లలో కాళ్లు బరువెక్కి ఉంటాయి. అలాంటి గుర్రం బుద్ధిగా రెండోది రాదు, ఐదోదానికి జారిపోతుంది. ముందుండి లాగే గుర్రాన్ని ప్లేస్‌కి నమ్మొద్దని నేను మొత్తుకునేది ఇందుకే. వెనక నుంచి సాఫీగా ఊపందుకునే గుర్రం గెలవకపోయినా అలసినవాటిని దాటుకుంటూ వచ్చి మూడోదిగా నిలబడుతుంది. ప్లేస్ ఆడేవాడు చూడాల్సింది ఆ గుర్రాన్ని. కార్డులో పేరు పక్కన తక్కువ రేటు ఉందా లేదా అని కాదు.

మా వాడి దగ్గరికి వస్తాను. వాడు ఆడుతున్నది మామూలు ప్లేస్ ఆట కూడా కాదు. మెట్ల ఛాలెంజ్ అట. వందతో మొదలుపెట్టాలి, 1.20 రేటు ఉన్న గుర్రం మీద ప్లేస్ కట్టాలి, వచ్చినదంతా తర్వాతి గుర్రం మీద పెట్టాలి. అలా పదమూడు మెట్లెక్కితే వంద కాస్తా వెయ్యి దాటుతుంది. వినడానికి ఎంత బాగుందో! వీడు ఎనిమిది మెట్లెక్కాడు. వంద నాలుగొందల ముప్పై అయింది. రోజూ ఒక మెట్టు, ఇంట్లో అందరికీ స్క్రీన్‌షాట్లు. తొమ్మిదో మెట్టు మీద ఆ ఎనిమిదో గుర్రం గేటులోకి వెళ్లనంది.

ఒక్కో మెట్టు తగిలే అవకాశం 80 శాతం అనుకుందాం. మంచి అవకాశమే. వరుసగా పదమూడు తగలాలంటే? దాదాపు ఐదున్నర శాతం. వంద మంది బయలుదేరితే పైకి చేరేది ఐదారుగురు. మిగతా తొంభై నలుగురూ దారిలో ఎక్కడో పడతారు, వందకి వందా పోగొట్టుకుని. పైకి చేరిన ఆ ఐదారుగురే స్క్రీన్‌షాట్లు పెడతారు, మిగతా జనం వాటిని చూసి మొదలుపెడతారు. ఈ పద్ధతికి క్రమశిక్షణ అని పేరు పెట్టారు చూడండి, అక్కడే నా రక్తం మరుగుతోంది. రోజుకి ఒకే బెట్ అట, ఫేవరెట్ మీదే అట, ప్లేసే అట, అందుకని క్రమశిక్షణ అట. ఉన్నదంతా ప్రతిసారీ ఒకే గుర్రం మీద పెట్టడం క్రమశిక్షణ ఎలా అవుతుందండీ?

దీనికి అన్నలాంటిది ఇంకోటుంది, పోయినదాన్ని తర్వాతి బెట్‌తో రాబట్టడం. ప్లేస్ రేట్లతో అది ఎంత ఘోరమో ఎవరూ చెప్పరు. 1.20 రేటుకి ఒకటి పోతే దాన్ని రాబట్టడానికి ఐదు పెట్టాలి. అదీ పోతే ముప్పై. అదీ పోతే నూట ఎనభై. మూడు తప్పులకే ఒకటి కట్టేవాడు నూట ఎనభై కట్టేవాడవుతాడు. వరుసగా మూడు తప్పుతాయా అంటారా? 70 శాతం తగిలేవాడికి కూడా వరుసగా మూడు తప్పే అవకాశం 2.7 శాతం. వంద బెట్లు కట్టేవాడు అలాంటి దెబ్బ ఒకటి రెండుసార్లు తింటాడనే అనుకోవాలి.

నేను నేర్చుకున్న పద్ధతి ఇంతే. ఆట కోసమని పక్కన పెట్టిన డబ్బులో నూటికి ఒకటో రెండో, ప్రతిసారీ అంతే. గెలిచినా అంతే, ఓడినా అంతే. రేసుకి ముందు ఈ గుర్రానికి ప్లేస్ రేటు ఎంతుంటే కట్టాలో నేనే రాసుకుంటాను. అంతకంటే తక్కువ ఉంటే కట్టను. గుర్రం ఎంత నచ్చినా కట్టను. తర్వాత అది మూడోది వచ్చినా బాధపడను. గుర్రాన్ని ఎంచుకోవడం అందరికీ వచ్చు, రేటు నచ్చలేదని లేచి పక్కకి వెళ్లడమే ఎవరికీ చేత కాదు.

టోట్‌లో అయితే, అంటే అందరి పందెం డబ్బూ ఒకచోట పోగేసి పంచే పద్ధతిలో, ఇంకా జాగ్రత్తగా ఉండాలి. పోగైన డబ్బులోంచి నిర్వాహకులు ముందుగా తమ వాటా తీసుకుంటారు. మిగిలినదాన్ని మూడు స్థానాలకి మూడు భాగాలు చేసే చోట లెక్క చూడండి. వాటా పోగా నూటికి ఎనభై మిగిలిందనుకుంటే, ఒక్కో స్థానానికి దాదాపు ఇరవై ఏడు. ప్లేస్ డబ్బులో ఇరవై శాతం మీ గుర్రం మీదే ఉంటే వచ్చేది 1.33. ముప్పై శాతం ఉంటే ఆ లెక్క ప్రకారం మీ అసలు కూడా పూర్తిగా రాదు, కనీస చెల్లింపు నియమం ఏదైనా ఉంటే అదే కాపాడాలి. జనమంతా సేఫ్ అనుకుని ఒకే గుర్రం మీద పడితే ఆ సేఫే మింగేస్తుంది. 1867లో పారిస్‌లో జోసెఫ్ ఒల్లెర్ ఈ ఉమ్మడి పందెం పద్ధతి మొదలుపెట్టినప్పటి నుంచీ ఇది ఇంతే, మన ఎదురుగా ఉన్న డబ్బు సాటి ఆటగాళ్లదే. ఇంకొన్ని చోట్ల ముందు స్థానం వచ్చిన గుర్రాల మీద కట్టిన అసలు తీసేసి మిగిలిన లాభాన్ని మాత్రమే పంచుతారు. అక్కడ మీ గుర్రంతో పాటు ఇంకే గుర్రాలు వచ్చాయన్నదాన్ని బట్టి కూడా మీ డబ్బు మారుతుంది. అమెరికాలో అయితే ప్లేస్ అంటే మొదటి రెండు స్థానాలే, మూడోదాకా కావాలంటే షో కట్టాలి. మా వాడిలాంటివాళ్లు ఇవేమీ చదవరు. చదవమంటే "అంత టెన్షన్ ఎందుకన్నా" అంటారు.

గుర్రాల సంఖ్యయినా చూస్తారా అంటే అదీ లేదు. ఎనిమిది గుర్రాల రేసులో మూడు స్థానాలు, పదిహేను గుర్రాల రేసులోనూ చాలాసార్లు మూడే. అన్నీ సమానం అనుకుంటే మొదటిదానిలో అవకాశం 37.5 శాతం, రెండోదానిలో 20. మరి సరిగ్గా ఎనిమిది ఉన్న రేసు మంచిదా? మంచిదే, ఎనిమిదీ పరిగెత్తితే. ఒకటి తగ్గిందంటే 28.6కి పడిపోతుంది. ఇది నేను మా వాడికి పోయిన నెల కాగితం మీద రాసి మరీ చూపించాను. ఎనిమిది చుట్టూ సున్నా చుట్టి, పక్కన ఏడు వేసి, కింద రెండు గీతలు కొట్టాను. తలూపాడు. ఆ తలూపడం గుర్తొస్తుంటే ఇప్పుడు ఇంకా కోపం వస్తోంది.

అసలు నా కోపం మా వాడి మీద కాదేమో. ఈ సేఫ్ అన్న మాట నా పేరు మీద ఎలా తిరుగుతోందో నాకు తెలుసు. కొన్నేళ్ల కిందట నా పక్కనే కూర్చుని రేసులు చూసేవాడొకడు ఉండేవాడు. నా దగ్గర నీలం అట్ట నోట్‌బుక్ ఒకటుంది. రేసు, గుర్రాల సంఖ్య, నేననుకున్న రేటు, దొరికిన రేటు, ఫలితం, అన్నీ గళ్లు గీసి రాస్తాను. తప్పినవి ఎర్ర ఇంకుతో. రేటు నచ్చక వదిలేసిన ప్రతి రేసు ఎదురుగా "ఆడలేదు" అని రాస్తాను. ఆ నోట్‌బుక్‌లో సగానికి పైగా వరుసలు అవే. ఆడలేదు, ఆడలేదు, ఆడలేదు. అతను ఓసారి చూసి ఇస్తానని అడిగి రెండు రోజులు ఉంచుకున్నాడు. ఇచ్చాను, స్నేహితుడే కదా అనుకున్నాను.

తర్వాత నెల తిరక్కుండా అతను టిప్స్ అమ్మడం మొదలుపెట్టాడు. షూర్ ప్లేస్ అని పేరు. రుజువు కింద నా గళ్లు, నా అంకెలు, నా చేతిరాత పోలికలు కూడా పోకుండా కొత్తగా రాసి పెట్టాడు. అందులో ఎర్ర ఇంకు వరుస ఒక్కటి లేదు. "ఆడలేదు" ఒక్కటి లేదు. తగిలినవి మాత్రం వరుసగా ఒకదాని కింద ఒకటి పేర్చాడు. చూసినవాడికి ఏమనిపిస్తుంది? వీడికి అసలు తప్పదు అనిపిస్తుంది. నేను అడిగితే "నష్టాలు ఎవరు చూస్తారు బాసూ" అన్నాడు. ఆ రోజు నాకు నోట మాట రాలేదు. నా కష్టంలో సగం ఆ వదిలేసిన వరుసల్లోనే ఉంది. వాటిని చింపి పారేసి మిగతాది అమ్మాడు. అది నా పద్ధతేనని పదిమందికీ చెప్పాడు కూడా. అలా తిరిగి తిరిగి మా పిన్ని ఇంటి దాకా వచ్చిందన్నమాట ప్లేస్ సేఫ్ అన్న మాట.

ప్లేస్ ఆటలో అవకాశమే లేదని నేననడం లేదు. విన్ పూల్‌లో, అంటే గెలుపు మీద పోగైన డబ్బులో, జనం ఒక గుర్రాన్ని నమ్మి, ప్లేస్ పూల్‌లో దాన్నే పట్టించుకోని సందర్భాలు దొరుకుతాయని హౌష్, జీంబా, రూబిన్‌స్టీన్ అనే పరిశోధకులు 1981లోనే అమెరికా, కెనడా రేసుల లెక్కలతో చూపించారు. కానీ అవి రోజూ దొరకవు, దొరికినా గేటు తెరుచుకునే ముందు ఆఖరి నిమిషాల్లోనే తేలతాయి. ఆ కాసేపటి కోసం రోజంతా చేతులు కట్టుకుని కూర్చోగలవాడికే అది. చాలామందికి అది కుదరదు, వాళ్లు ఆడకపోవడమే మేలు. ఈ మాట మా వాడికి కూడా చెప్పాను.

పొద్దున వాడే మళ్లీ ఫోన్ చేశాడు. కోపం తగ్గింది, గొంతు చిన్నదైంది. డబ్బు లేకుండా ముప్పై రేసులు కాగితం మీద రాయి, ఆ తర్వాతే మాట్లాడదాం అన్నాను. సరేనన్నాడు. ఇందాక మొదటి పేజీ ఫోటో పంపాడు. గళ్లు చక్కగా గీశాడు, గుర్రాల సంఖ్య కూడా రాశాడు, ఆరు రేసులు. ఆరింటిలోనూ ఏదో ఒక గుర్రం పేరుంది. "ఆడలేదు" అన్న వరుస ఒక్కటీ లేదు. వాడికి ఫోన్ కలుపుతున్నాను.