మహారాజశ్రీ జనవరి 14 చలి రికార్డు గారికి

మహారాజశ్రీ కాకినాడ నగర జనవరి 14వ తేదీ కనిష్ఠ ఉష్ణోగ్రత రికార్డు గారి దివ్యసముఖమునకు, కోనసీమ నుంచి ఒక దాళ్వా (రబీ వరి) రైతు నమస్కరించి రాసుకునే లేఖ. ఇక్కడ మేము క్షేమం. మీ క్షేమసమాచారం ఏటా సంక్రాంతి ముందు పత్రికలే చేరవేస్తున్నాయి కనుక విడిగా అడగడం లేదు.

మీ వైభవం చూస్తుంటే ముచ్చటేస్తుంది. ఏడాది పొడవునా మీరెవరో ఎవరికీ పట్టదు. పండగ దగ్గర పడిందో లేదో, మీ పేరు మోగిపోతుంది. పదేళ్లలో ఇంత చల్లని జనవరి 14 లేదని ఒక వార్త. పక్కన మంకీ క్యాప్ పెట్టుకున్న పెద్దాయన టీ గ్లాసును రెండు చేతులా పొదివి పట్టుకున్న ఫొటో. ఆ ఫొటో కిందటేడు కూడా చూసినట్టు నాకు అనుమానం. పెద్దాయనా ఆయనే, గ్లాసూ అదే. చలి మాత్రం కొత్తదట.

మీ వంశంలో గొప్పవారు లేకపోలేదు. అంటార్కిటికాలోని వోస్తోక్ కేంద్రంలో 1983 జులై 21న సున్నాకు దిగువన 89.2 డిగ్రీలు నమోదైంది. భూమ్మీద కొలిచిన చలిలో పెద్దరికం ఆయనదే. అయినా ఎవరి జోలికీ రాకుండా తన మానాన తాను ఉంటారు. తమరో, సున్నా ముఖం ఎన్నడూ చూసినవారు కారు. లంబసింగి దాకా వెళ్లివచ్చినవారైనా కారు. పోనీలెండి, తీరప్రాంతం వాళ్లమని వాతావరణ విభాగం మనమీద కాస్త దయ చూపింది. మైదానాల్లో శీతల గాలులని ప్రకటించాలంటే కనిష్ఠం 10 డిగ్రీలకైనా దిగాలి. మనకు 15కు దిగి, సాధారణం కంటే నాలుగున్నర డిగ్రీలు తక్కువ ఉంటే చాలు. ఢిల్లీలో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు పండక్కి వచ్చి ఈ నిబంధన విని పగలబడి నవ్వాడు. మర్నాడు తెల్లవారుజామున కాలువ గట్టు మీద మోటారు సైకిల్ నడుపుకుంటూ ఊళ్లోకి వచ్చి, కాఫీ కంటే ముందు దుప్పటి అడిగాడు.

ఇంతకీ మీ పుట్టుక సంగతి జనానికి తెలియాలి. తెల్లరంగు వేసిన చెక్క పెట్టె, నాలుగు వైపులా వాలుగా బిగించిన పలకలు. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. స్కాట్లాండులో దీపస్తంభాలు కట్టిన ఇంజనీరు థామస్ స్టీవెన్సన్ రూపొందించిన పెట్టె అది. అందులో ఒక థర్మామీటరును అడ్డంగా పడుకోబెడతారు. దానిలో ఉండేది పాదరసం కాదు, ఆల్కహాలు. ఆ ఆల్కహాల్లో సన్నని సూచిక ఒకటి మునిగి ఉంటుంది. చలికి ద్రవం కుంచించుకుపోతున్నప్పుడు సూచికను వెనక్కి లాక్కుపోతుంది. పొద్దెక్కి ద్రవం మళ్లీ వ్యాకోచించినా సూచిక కదలదు, ఆగిన చోటే ఉంటుంది. ఉదయం ఎనిమిదిన్నరకు ఒకరు వచ్చి, అది ఎక్కడ ఆగిందో చూసి, పుస్తకంలో రాసుకుని, థర్మామీటరును వంచి దాన్ని మళ్లీ మొదటికి తెస్తారు. ఇప్పుడు చాలాచోట్ల ఈ పని యంత్రాలు చేస్తున్నాయి. కానీ తమరి పూర్వికుల మాటకు వస్తే, వారి ఘనతకు ఏకైక సాక్షి రాత్రంతా మందులో మునిగి, తెల్లారేసరికి పడినచోటు నుంచి కదల్లేకపోయినవాడే. కోర్టులో ఇలాంటి సాక్ష్యం నిలుస్తుందా?

ఎనిమిదిన్నర అన్నాను కదా, అక్కడ ఇంకో మెలిక ఉంది. మీ రోజు అర్ధరాత్రి మొదలు కాదు. నిన్న ఉదయం ఎనిమిదిన్నర నుంచి నేటి ఉదయం ఎనిమిదిన్నర దాకా పడిన చలి నేటి ఖాతాలోకి వెళుతుంది. తొమ్మిదింటికి ముసురు పట్టి అసలు చలి అప్పుడే దిగినా, అది పదిహేనో తేదీ వారికి చెందుతుంది. తమరు అడగడానికి వీల్లేదు.

మీకు చలి పుట్టేది ఆ పెట్టెలో, దాదాపు మనిషి ఛాతీ ఎత్తున. వరి నారు పెంచే మా ఆకుమడిలో మొలక బతికేది జానెడు ఎత్తులోపు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆడని రాత్రి నేల తన వేడిని పైకి వదిలేసుకుంటుంది. అప్పుడు నేలను అంటిపెట్టుకున్న గాలి మీ పెట్టెలో గాలికంటే చల్లబడుతుంది. తమరు రికార్డుకు అర డిగ్రీ దూరంలో ఆగిపోయామని దిగులుపడే రోజున కూడా మా ఆకు పసుపు తిరుగుతుంది. సాయంత్రం మడి మీద పాలిథిన్ పట్టా కప్పుతాం, పొద్దున తీస్తాం. రాత్రంతా చల్లబడిన నీటిని తెల్లారగానే వదిలేసి కొత్త నీరు పెడతాం. వరసగా నాలుగైదు రాత్రులు ఇలా చేస్తే నడుము పట్టేస్తుంది. మొలకను దెబ్బతీసేది ఆ వరసే. ఒక్క తెల్లవారుజామున వచ్చి దండ వేయించుకుని వెళ్లిపోయే తమరి వల్ల మాకు ఒరిగేదీ లేదు, పోయేదీ లేదు.

రొయ్యల చెరువుల వాళ్లను అడగండి. వనామీకి నీటి వేడి 25 డిగ్రీలకంటే తగ్గితే ఆకలి మందగిస్తుంది. మేత తిన్నాయో లేదో చూడటానికి చెరువులో దించే చెక్ ట్రే పైకి లాగితే వేసిన మేత వేసినట్టే ఉంటుంది. దాన్ని చూసిన రైతు మొహం వార్తల్లో వేయదగ్గది. కానీ అది ఏ తేదీ రికార్డూ కాదు కనుక ఎవరూ వేయరు.

ఇక గణితం. కోప్పడకుండా వినండి. నూరేళ్లుగా లెక్కలు రాస్తున్న ఊరు ఒకటి ఉందనుకుందాం. వాతావరణం ఏమాత్రం మారకపోయినా, ఏదైనా ఒక తేదీన ఈ ఏడు కొత్త రికార్డు పడే అవకాశం దాదాపు నూటికి ఒకటి. తేదీలు 365. అంటే ఏ ఘనతా లేకుండానే ఏడాదికి ముగ్గురో నలుగురో తమరివంటి వారు పుట్టుకు రావాలి. ఇది కేవలం చలి పద్దు. పగటి వేడికి ఒకటి, పగటి చల్లదనానికి ఒకటి, రాత్రి వెచ్చదనానికి ఒకటి, వానకు ఇంకొకటి ఇలా పద్దులు పెంచుకుంటూ పోతే కిరీటాలకు తలలు చాలవు. ఉదాహరణకు, పదహారు డిగ్రీలతో మీరు ఈ ఏడు గద్దె ఎక్కారనుకోండి. అదే పదహారు 13వ తేదీన పడి ఉంటే ఎవరూ తలెత్తి చూసేవారు కారేమో, 13కు ఎప్పుడో గట్టి తాత ఒకరు ఉండి ఉండవచ్చు. మీ ఘనతలో సగం మీ తాతల చేతకానితనమే. ఫిబ్రవరి 29 గారి సంగతి అసలు ఎత్తకూడదు. 1991 నుంచి 2020 దాకా ముప్పై ఏళ్లలో ఆయన వచ్చింది ఎనిమిది సార్లు. పోటీయే లేని పందెం.

పైగా తమరు పండగను కూడా సొంతం చేసుకుంటారు. 2024లో జనవరి 14 భోగి, 2025లో అదే తేదీ సంక్రాంతి. మీ రికార్డు ఏ సంవత్సరానిదో చూస్తే గాని అది మంటల దగ్గర పడిన చలో, అరిసెల దగ్గర పడిన చలో తెలియదు. చలి క్యాలెండరు చూసుకుని బయలుదేరదు కదా. మా పెద్దలు దాన్ని తేదీతో కొలవలేదు. శివరాత్రికి శివశివా అంటూ పోతుందని ఊరుకున్నారు. ఆ లెక్కకు థర్మామీటరు అక్కర్లేదు, ఒక వారం అటూఇటూ అయినా ఎవరూ నిలదీయరు.

2018 డిసెంబరు 17ను గుర్తుచేయనా? పెథాయ్ తుపాను కాట్రేనికోన దగ్గర తీరం దాటిన రోజు. వాన, ఈదురుగాలి, పట్టపగలే చలి. తడిసిన బట్టల్లో, ఒడ్డుకు చేరని ధాన్యం చూసుకుంటూ రైతులు వణికిన రోజు. కానీ మబ్బు కమ్మిన రాత్రి నేల వేడిని పోనివ్వదు కనుక కనిష్ఠం పెద్దగా దిగదు. తమరి పద్దులో అలాంటి రోజుకు చోటు లేదు. పొగమంచు కమ్మి సఖినేటిపల్లి రేవులో ఎదుటి గట్టు కనిపించని ఉదయాలకూ లేదు. పైగా మేము కాకినాడ వాళ్లమూ కాము, నరసాపురం వాళ్లమూ కాము. ఒకవైపు మీ పెట్టె, మరోవైపు వారి పెట్టె, మధ్యలో మా కొబ్బరితోటలు. మా చలి ఎంతో తెలియాలంటే రెండు ఊళ్ల అంకెలు చూసి మధ్యలో ఏదో ఒకటి అనుకోవాలి.

మీ ఆస్థానంలో సాధారణం అనే ఒకరున్నారు. చాలా మెతక మనిషిలా కనిపిస్తారు, కానీ పదేళ్లకోసారి కుర్చీ జరుపుతారు. ముందు 1981 నుంచి 2010 దాకా సగటు. ఆ తర్వాత 1991 నుంచి 2020 దాకా సగటు. భూమి వేడెక్కుతోంది కనుక ఆ కుర్చీ కూడా మెల్లగా పైకి జరుగుతోంది. 1901 నుంచి 2018 మధ్య దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగిందని 2020లో కేంద్ర భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ నివేదిక చెప్పింది. కుర్చీ ఎక్కువ ఎత్తున ఉంటే పడ్డ దూరమూ ఎక్కువే. మా నాన్నగారి కాలంలో మామూలు పుష్యమాసపు తెల్లవారుజాము ఇప్పుడు సాధారణం కంటే తక్కువై వార్తకెక్కుతోంది. ఆయన దాన్ని చలి అని కూడా అనలేదు. తువ్వాలు తలకు చుట్టుకుని పొలం వెళ్లారు.

కాబట్టి ఒక్కటే మనవి. తమరికి ఒక అన్నగారు ఉన్నారు, జనవరి 14న అతి వెచ్చని రాత్రి రికార్డు. ఆయన కూడా అదే పెట్టెలో పుట్టారు, అదే పుస్తకంలో ఉన్నారు. ఇకముందు తమరి వంశం కంటే ఆయన వంశమే వర్ధిల్లే సూచనలు కనిపిస్తున్నాయి. భోగి నాడు ఫ్యాను వేసుకుని పడుకున్న ఇళ్లను ఏ ఫొటోగ్రాఫరూ తలుపు తట్టడు కనుక ఆయన పేరు ఎవరికీ తెలియదు. ఈసారి తమరిని ఫొటో తీయడానికి వచ్చినప్పుడు, ఆయనను కూడా పక్కన నిలబెట్టుకోండి. మంకీ క్యాప్ పెద్దాయనకు కాస్త అటు జరగమని మేము చెబుతాం.

ఇట్లు,
ఆకుమడి మీద పట్టా తీయడానికి వెళుతూ,
కోనసీమ దాళ్వా రైతు